మడత పాటకు నాలుగో పంక్తి

మా బైండింగు షాపులో ఆమెను అందరూ దారాలక్క అంటారు. పుస్తకాలు కుట్టేటప్పుడు మిగిలిన దారం ముక్కల్ని పారేయదు. మెడచుట్టూ వేసుకుంటుంది, కావలసినప్పుడు ఒకటి లాగి సూదికి ఎక్కిస్తుంది. ఎవరైనా నవ్వితే, నాకు నగల యోగం ఈ రకంగా రాసిపెట్టి ఉందిలే అంటుంది. ఆమె నాకు చుట్టం కాదు. కానీ నాకు తెలిసినవాటిలో సగం ఆమె చెప్పినవే, అందుకని ఆమె గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

ఆమె ఎడమచేతి చూపుడువేలికీ మధ్యవేలికీ చివరి కణుపులు లేవు. పనిలో చేరిన మొదటిరోజే చూశాను. చూసీ చూడనట్టుండటం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆమె మాత్రం ఆ చేతిని దాచుకోదు. ఆ చేత్తోనే టీ గ్లాసు పట్టుకుంటుంది, ఆ చేత్తోనే నా వీపు మీద ఒక్కటేసి, "వంగి కూర్చోకే, నలభై ఏళ్ళకి ప్రశ్నార్థకంలా తయారవుతావు" అంటుంది.

నేను చేరేటప్పటికి నాకు పదిహేడేళ్ళు. తొమ్మిదో తరగతి మధ్యలో అమ్మకు నడుం పట్టేసి మంచాన పడింది. వంటా, ఇద్దరు తమ్ముళ్ళూ నా మీద పడ్డారు. అమ్మ లేచి తిరగడం మొదలుపెట్టేసరికి నా తోటివాళ్ళు పరీక్షలు రాసేశారు. వాళ్ళకంటే చిన్నవాళ్ళ పక్కన కూర్చోవాలంటే సిగ్గేసి ఇక వెళ్ళలేదు. షాపులో నాకిచ్చిన పని ఫారాలు మడత పెట్టడం. ఫారం అంటే పదహారు పేజీలు అచ్చయిన పెద్ద కాగితం. విప్పి చూస్తే ఒకటో పేజీ పక్కన పదహారో పేజీ, వాటి నెత్తిన తలకిందులుగా ఎనిమిదీ తొమ్మిదీ ఉంటాయి. మూడుసార్లు సరిగ్గా మడిస్తే అన్నీ వాటి వరసలోకి వస్తాయి. నేను ఒక్కొక్క కాగితం తీసినప్పుడల్లా దొరికిన పేజీ దొరికినట్టు చదివేదాన్ని. కథ మొదలూ చివరా పక్కపక్కనే ఉండేవి, నడుమ ఏం జరిగిందో నేనే ఊహించుకునేదాన్ని. దారాలక్క ఒకరోజు పట్టుకుంది. తిడుతుందనుకున్నాను. "చదువుకో, చెయ్యి మాత్రం ఆపకు" అని, చెయ్యి ఆగకుండా ఉండాలంటే పాట నేర్చుకోవాలంది.

మా షాపులో ఏడు పాటలున్నాయి. మడతకొకటి, కుట్టుకొకటి, నూరు దాకా లెక్క తప్పకుండా ఒకటి, బరువైన కట్టలెత్తేటప్పుడు ఒకటి, అలాగ. దారాలక్క బడి మొహం చూడలేదు. లెక్క నేర్చుకున్నది ఆ లెక్క పాటలోనే. ఇప్పటికీ ఎవరైనా అరవై ఏడు తర్వాత ఎంత అని అడిగితే ముందు పాట కూనిరాగం తీసి, అక్కడిదాకా వచ్చి, అప్పుడు చెబుతుంది. మడత పాట ఇది:

ఒక్కసారి మడిస్తే ఊరంత కాగితం వీధంతయింది,
రెండోసారి మడిస్తే వీధంత కాగితం ఇల్లంతయింది,
మూడోసారి మడిస్తే ఇల్లంత కాగితం అరచేత ఒదిగింది.

పంక్తికొక మడత. మూడు పంక్తులు అయ్యాక ఫారాన్ని కట్ట మీద పెట్టి, అంచులు తట్టి, మళ్ళీ మొదలు. ఈ పాటలన్నీ కట్టినవాడు కత్తి మామయ్య. షాపులో కాగితాలు కోసే మిషను మీద పనిచేసేవాడు కాబట్టి ఆ పేరు. సంగీతం నేర్చుకోలేదు. ఫారాలు లెక్క తప్పి, పుస్తకాల్లో పేజీలు గల్లంతై, యజమాని అందరినీ కేకలేస్తుంటే, గదంతా ఒకే తీరున పని చేయడానికి మిషను చప్పుడు మీదనే వరసలు కట్టాడట. నేను ఆయన్ని అప్పటికి చూడలేదు. దారాలక్కకు పద్దెనిమిదో ఏట ఆ మిషను కింద వేళ్ళు తెగినప్పుడు మీట లాగిన చెయ్యి ఆయనదే. ఆ తర్వాత ఇంకో నెల పనిచేసి మానేశాడు. మళ్ళీ గడప తొక్కలేదు, మళ్ళీ పాట కట్టలేదు. కిందటేటికి ఇది జరిగి ముప్పై ఒక్క ఏళ్ళు.

ఈ సంగతి నాకు చెప్పింది మోకాళ్ళ పెద్దమ్మ. ఆమె, పొట్టి వదిన, దారాలక్క, ఈ ముగ్గురే ఆ కాలం నుంచి మిగిలారు. పెద్దమ్మ మోకాళ్ళ నొప్పులతో పని మానేసి ఇంట్లోనే ఉంటోంది. పొట్టి వదిన సగం రోజు వస్తుంది. చిన్నవాళ్ళలో పాటలు వచ్చినవాళ్ళం నేనూ, నా పక్కన కూర్చునే వాగుడుకాయా. ఆ అమ్మాయి నోరు మూతపడేది పాట పాడేటప్పుడే అని వదిన అంటుంది, అదేం లెక్కో నాకు తెలీదు.

కిందటేడు పెద్ద లైబ్రరీ నుంచి ఒకామె పాత పుస్తకాల బైండింగు పనిమీద వచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయి మా పాట విన్నది. పనిచోట్ల పాడుకునే పాటల్ని లైబ్రరీలో భద్రం చేస్తున్నారట. రికార్డు చేసి ఇవ్వమని ఒక ఫారం ఇచ్చింది. మా ఫారంలాంటిది కాదు, గడులు నింపేది. దారాలక్క నా చేతికిచ్చి చదవమంది. పాట పేరు, పాడినవారు, స్వరకర్త. లైబ్రరీ మేడమ్, స్వరకర్త గడిలో చాలామంది తెలియదు అని రాస్తున్నారు, మీరూ అలాగే రాయొచ్చు అంది.

"తెలియకపోవడమేంటమ్మా?" అంది దారాలక్క. "మనిషి బతికే ఉన్నాడు, మూడు వీధుల అవతల."

అయితే మరీ మంచిదనీ, బతికున్నవాళ్ళయితే వాళ్ళ సంతకం కావాలనీ, నెలాఖరు లోపల తెచ్చివ్వాలనీ చెప్పి ఆమె వెళ్ళిపోయింది. అప్పటికి నెలాఖరుకు ఇరవై మూడు రోజులుంది.

ఆ సాయంత్రమే దారాలక్క నన్ను వెంటబెట్టుకుని కత్తి మామయ్య ఇంటికి వెళ్ళింది. ఫారం చదవడానికి నేను కావాలంది గానీ, ఒక్కతే వెళ్ళడానికి భయపడిందని నాకు దారిలోనే అర్థమైంది. ప్రతి మలుపు దగ్గరా చెప్పు సరిచేసుకుంది. ఆయన చెల్లెలింట్లో ఉంటాడు. ముందు గదిలో కిటికీ పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని వీధిలోవాళ్ళ కత్తెరలకు పదును పెడుతున్నాడు. సన్నగా, నిటారుగా ఉన్నాడు. దారాలక్కను చూడగానే లేచి నిలబడ్డాడు. ఆమె మొహం చూశాడు, గోడ చూశాడు, నా చేతిలో ఫారం చూశాడు. ఆమె ఎడమచేతి వైపు మాత్రం చూపు పోనివ్వలేదు.

విషయం చెప్పింది. ఆయన కత్తెర తుడుస్తూ విన్నాడు.

"నేనేం స్వరకర్తనమ్మాయ్. లెక్క తప్పకుండా ఉంటుందని ఏదో చేశాను. దానివల్ల ఏమైందో నీకు తెలుసు. తెలియదనే రాసుకోండి."

ఆయన చెల్లెలు మమ్మల్ని సాగనంపుతూ గుమ్మం బయట గొంతు తగ్గించి చెప్పింది. ఇంట్లో రేడియో పెట్టనివ్వడట. ఆమె ఊరికే కూనిరాగం తీసినా లేచి పెరట్లోకి పోతాడట. "పాటంటే మా అన్నయ్యకి గిట్టదు" అంది. దారాలక్క ఆ మాటకు దెబ్బ తగిలినట్టు నిలబడింది.

తిరిగొచ్చేటప్పుడు మా వీధి మొదట్లో ఆగి, రికార్డు చేద్దామంది. ఆయన ఒప్పుకోకపోయినా చేద్దాం, చేసి వినిపిద్దాం, విన్నాక ఏమంటాడో అప్పుడు చూద్దాం. నీ ఫోన్లో అందరి గొంతులూ కలపొచ్చా అని అడిగింది. కలపొచ్చేమో, నాకు రాదు అన్నాను. "రాదనేది ఇప్పటి మాట" అంది.

అలా ఆ పని నా నెత్తిన పడింది. ఎవరికైనా ఫోన్ చేసి మాట్లాడటం కూడా నాకు చేతకాదు. అలాంటిది అందరి ఇళ్ళకూ వెళ్ళి, ఎలా పాడాలో చెప్పాల్సొచ్చింది. షాపులో పాడిద్దామంటే మిషన్ల రొదలో ఏమీ వినపడదు, పెద్దమ్మ అంత దూరం రాలేదు, వదిన ఉండే గంటలు వేరు. అందుకని ఎవరింట్లో వాళ్ళు పాడి పంపితే నేను కలపాలని అనుకున్నాం. చప్పుళ్ళు లేనిచోట పాడండి, మూసుకుని ఉన్న గదైతే మంచిది అని చెప్పాను. ఇంతకంటే వివరంగా చెప్పి ఉండాల్సింది.

పెద్దమ్మ ఫోనును చెవి దగ్గర పెట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు పాడింది. నడుమ నడుమ, "వింటున్నావా?" అని కూడా అడిగింది. పొట్టి వదిన మూసుకుని ఉన్న చోటు అన్నానని బట్టల బీరువాలో దూరి తలుపేసుకుంది. పాట సగంలో ఆమె మొగుడు చొక్కా కోసం తలుపు తీశాడు. ఆయన కేక, ఆ వెనకే ఆమె తిట్లు, అన్నీ రికార్డయ్యాయి. ఆ ముక్క మేం షాపులో పదిసార్లు విన్నాం, వదిన కూడా మా వెనక నిలబడి వింది. వాగుడుకాయ పాట ముందు తన పేరు, ఇంటిపేరు, తనకు ఇష్టమైన రంగు చెప్పి మొదలుపెట్టింది. ప్రతివాళ్ళ ఇంటికీ రెండోసారి, మూడోసారి వెళ్ళాను. నన్ను పంపేటప్పుడల్లా దారాలక్క ఒక్కటే చెప్పేది: వాళ్ళు నవ్వితే నువ్వూ నవ్వు, కానీ బాగా వచ్చేదాకా లేవకు. నా జీవితంలో అన్ని మాటలు అంతకుముందు ఎప్పుడూ మాట్లాడలేదు.

తొమ్మిది రోజులకు ఐదు గొంతులూ వచ్చాయి. ముందు మడత పాటే కలుపుదామని కూర్చున్నాను. ఫోన్లో ఒక్కొక్కరి పాట ఒక్కొక్క పట్టీలా కనిపిస్తుంది. పాడినచోట బుడిపెలు, ఊరుకున్నచోట సన్నటి గీత. ఐదూ ఒకదాని కింద ఒకటి పెట్టాను. మొదటి చరణం, అంటే మూడు పంక్తుల మొదటి చుట్టు, చక్కగా కలిసింది. రెండో చరణానికి వచ్చేసరికి నేనూ వాగుడుకాయా ముందుకు పోయాం, పెద్దవాళ్ళు ముగ్గురూ వెనకబడ్డారు. మూడో చరణానికి అంతా సంతలా ఉంది.

తప్పు ఎక్కడుందో చూశాను. షాపులో ఫారం పెట్టి కట్ట తట్టే వ్యవధి ఉంటుంది కదా, ఇంట్లో చేతిలో కాగితం లేదు కాబట్టి మేమిద్దరం ఆగకుండా చరణం మీద చరణం అందుకున్నాం. పెద్దవాళ్ళు మాత్రం మూడో పంక్తి తర్వాత ఆగారు. నాకు వింతగా అనిపించిందేమిటంటే, ముగ్గురూ ఒకే పొడవు ఆగారు. మూడిళ్ళలో, మూడు వేర్వేరు రోజుల్లో, బీరువాలో ఒకరు, మంచం మీద ఒకరు, ఆ సన్నటి గీత మాత్రం గీటు పెట్టి కొలిచినట్టు ఒకే పొడవు. ప్రతి చరణం తర్వాతా అంతే. అలవాటు కాబోలు అనుకున్నాను. ఆ ఊరుకున్న ముక్కలన్నీ కోసేసి, అతికించి, మా ఇద్దరి వేగానికి తెచ్చాను. అప్పుడు ఐదు గొంతులూ ఒక్క గొంతులా కలిశాయి. ఆ రోజు నేను అన్నం కూడా సరిగా తినలేదు, అంత గర్వం.

ఆదివారం పెద్దమ్మ ఇంట్లో అందరికీ వినిపించాను. వాగుడుకాయ చప్పట్లు కొట్టింది. పెద్దమ్మ దారాలక్క వైపు చూసింది, వదిన తన గోళ్ళు చూసుకుంది.

"బాగా కుదిరింది తల్లీ. కానీ అక్కడ నువ్వేదో తీసేశావు, తిరిగి పెట్టెయ్యి" అంది దారాలక్క.

అక్కడ ఏమీ లేదక్కా, ఉత్త ఖాళీ అన్నాను. ఖాళీ కాదు, అక్కడొక పంక్తి ఉంది అంది పెద్దమ్మ. అప్పుడు చెప్పారు, ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందుకుంటూ.

మడత పాటకు నాలుగో పంక్తి ఉండేది. మడతవాళ్ళు మూడు మడతలు పెట్టేలోపు మిషను దగ్గర కాగితాల దొంతర సర్దుకోవాలి. నాలుగో పంక్తిలో మడతవాళ్ళు ఫారం కట్ట మీద పెడతారు, మిషను దగ్గరవాళ్ళు చేతులు వెనక్కి తీస్తారు, పంక్తి పూర్తవగానే మామయ్య మీట లాగుతాడు, కత్తి దిగుతుంది. గదంతా ఆ ఒక్క పాట మీద నడిచేది. ఆ పంక్తి ఇది:

చేతులు తీయండమ్మా, చదివేవాళ్ళొస్తున్నారు.

దారాలక్క పనిలో చేరి అప్పటికి మూడు నెలలు. దొంతర సర్దే పని ఆమెది. పంక్తి పూర్తయింది, మీట లాగాడు, చెయ్యి అక్కడే ఉంది. ఆ తర్వాత మామయ్య షాపులో ఉన్న నెలరోజులూ మీట లాగేముందు చేతులు తీయండి అని గట్టిగా అరిచేవాడు. జాగ్రత్త చెప్పాల్సిన మాటను పాటలో పెట్టిన నాదే తప్పు అనేవాడట. ఎవరూ ఏ ఒప్పందమూ చేసుకోలేదు గానీ, ఆ పంక్తి మళ్ళీ ఎవరూ పాడలేదు. దాని వ్యవధి మాత్రం వదిలేసి, పాడినట్టే ఊరుకుని, మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. తర్వాత వచ్చిన మాలాంటివాళ్ళకి అది కట్ట తట్టే విరామం అయింది.

ఆ ముక్కలన్నీ తిరిగి పెట్టాను. మా ఇద్దరి పాటల్లో ఆ వ్యవధి లేదు కాబట్టి మేం మళ్ళీ పాడాం, ఈసారి ఊరుకోవడం నేర్చుకుని. ఆ వ్యవధిలో లోపల ఆ పంక్తి అనుకోండే, అప్పుడే కొలత సరిపోతుంది అని వదిన చెప్పింది. సరిపోయింది.

నెలాఖరుకు ఇంకా ఐదు రోజులుండగా మామయ్య ఇంటికి వెళ్ళాం. దారాలక్క ఈసారి చెప్పు సరిచేసుకోలేదు. నడిచినంతసేపూ నా చెయ్యి పట్టుకుని ఉంది. ఆమె నన్ను పట్టుకోవడం అదే మొదటిసారి. అంతకుముందు ఎప్పుడు తాకినా వీపు మీద దెబ్బకే.

వినను అనడానికి ఆయనకు సందివ్వలేదు. నన్ను ఫోను పీట మీద పెట్టమని, కుర్చీలో కూర్చుంది. పాట మొదలైంది. ఆయన లేచి పెరట్లోకి పోతాడేమోనని చెల్లెలు గుమ్మంలో నిలబడి చూస్తోంది. పోలేదు. కత్తెర ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుని విన్నాడు. మూడో పంక్తి అయింది. రికార్డులో ఐదుగురం ఊరుకున్నాం. ఆ నిశ్శబ్దంలో ఆయన కుడిచెయ్యి ఒళ్ళోంచి కొంచెం పైకి లేచింది. వ్యవధి ముగిసే క్షణానికి కిందికి దిగింది, మీట లాగినట్టు. ఆయనకు తెలియకుండానే. రెండో చరణానికీ అంతే. మూడో చరణంలో తన చేతిని తనే చూసుకుని, రెండో చేత్తో పట్టుకున్నాడు.

"ఆపెయ్యమ్మా" అన్నాడు నాతో.

ఆపాను. దారాలక్క కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మామయ్యా, మీకొకటి చెప్పాలి. ముప్పై ఒక్క ఏళ్ళ కిందటే చెప్పాల్సింది. ఆ పంక్తికి అర్థం నాకు తెలియక కాదు. మొదటిరోజే మీరు చెప్పారు, చేతులు తీయమంటే తీయడమేనని. మూడు నెలలు తీశాను. ఆ రోజు మాత్రం కళ్ళు మూసుకున్నాను."

ఆయన తలెత్తాడు.

"వస్తున్నారు అనే చోట పైకెళ్ళి తిరిగే మెలిక ఉంది కదా, అది నాకు ఎప్పుడూ పడేది కాదు. వదిన వెక్కిరించేది. ఆ రోజు పడేలా అనిపించింది. కళ్ళు మూసుకుని పాడాను. చెయ్యి ఎక్కడుందో మర్చిపోయాను. నా తప్పని తెలిస్తే పనిలోంచి తీసేస్తారని అప్పుడు చెప్పలేదు. తర్వాత మీరు రావడం మానేశారు. ఆ తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు. మీరు మోస్తుంటే చూస్తూ కూర్చున్నాను."

నేను ఆయన కోప్పడతాడనుకున్నాను. ఏడుస్తాడేమోననీ అనుకున్నాను. ఆయన చాలాసేపు ఆమె మొహంలోకి చూసి, ఒక్క ప్రశ్న అడిగాడు.

"పడిందా?"

"ఏంటి మామయ్యా?"

"మెలిక. పడిందా ఆ రోజు?"

"పడింది" అంది దారాలక్క.

"నాకు వినపడలేదు. మిషను మోత." కత్తెర పక్కన పెట్టి, "ఏదీ, పాడు" అన్నాడు.

పాడింది. పడలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు నోట్లోనే ఉన్న పంక్తి, వస్తున్నారు దగ్గర జారిపోయింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఊపిరి ముందే ఖర్చు పెట్టేస్తున్నావు, చదివేవాళ్ళు అన్నచోట దాచుకో అని, రెండుసార్లు దగ్గి, తనే పాడి చూపించాడు. గుమ్మంలో ఆయన చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దారాలక్క మళ్ళీ పాడింది. మళ్ళీ జారింది. "కళ్ళు తెరిచి పాడు" అన్నాడు. ఆ మాట మందలింపులా మొదలై నవ్వులా ముగిసింది. ఆమెకూ నవ్వొచ్చింది. నేను మాత్రం గబగబా ఫోన్లో రికార్డు నొక్కాను.

మూడు పంక్తుల పాటకు తన సంతకం పెట్టనన్నాడు. సగం కట్టిన పుస్తకాన్ని లైబ్రరీకి పంపుతారా అని అడిగాడు. పూర్తిగా, అందరూ కలిసి, తన ముందు పాడితే పెడతాడట. పెద్దమ్మ ఇల్లు అక్కడికి పక్క వీధే. మర్నాడు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి నేనూ వాగుడుకాయా మోసుకొచ్చాం. దారిపొడుగునా ఆమె తనను ఊరేగిస్తున్నందుకు సంతోషం వెలిబుచ్చుతూనే ఉంది. వదిన షాపు నుంచి పాత కాగితాల కట్ట తెచ్చింది. చేతిలో కాగితం లేకపోతే పాట నడవదని మా అందరికీ తెలిసిపోయింది కదా. కాగితం చప్పుడు రికార్డులో పడుతుందేమో అని నేను సందేహపడితే, పడాలనే కదా అన్నాడు మామయ్య.

ఆ ముందు గదిలో నేల మీద కూర్చుని ఐదుగురం మడతలు పెడుతూ పాడాం. ఫ్యాను ఆపేశారు, కిటికీ మూసేశారు, అందరికీ చెమటలు కారుతున్నాయి. ఆయన మమ్మల్ని వదల్లేదు. వదినకు తొందరెక్కువ అన్నాడు, వాగుడుకాయ ముక్కుతో పాడుతోంది అన్నాడు. నన్ను చూసి, నువ్వు బాగానే పాడుతున్నావు గానీ పక్కవాళ్ళకు వినపడకూడదని పాడుతున్నావు అన్నాడు. నాలుగో పంక్తిని పద్నాలుగుసార్లు పాడించాడు. తొమ్మిదోసారి పెద్దమ్మ, కత్తి ఎప్పుడో దిగిపోయింది గానీ నీ సతాయింపు దిగలేదు అంది. ఆ మాట అన్నాక నాలిక కరుచుకుంది. అందరం దారాలక్క వైపు చూశాం. ఆమే ముందు నవ్వింది.

పద్నాలుగోసారి మెలిక పడింది. దారాలక్క కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, నేను చూస్తూనే ఉన్నాను. ఐదు గొంతులూ పైకి వెళ్ళి, తిరిగి, దిగాయి. ఆ వెనకే కాగితాలు కట్ట మీద పడ్డ మెత్తటి చప్పుడు. మామయ్య ఇంకోసారి అనలేదు. అందుకే బాగా వచ్చిందని మాకు తెలిసింది.

మిగిలిన ఆరు పాటలూ ఆ తర్వాతి మూడు రోజుల్లో అక్కడే పూర్తిచేశాం. నేనే కలిపాను. ఇప్పుడవి లైబ్రరీలో ఉన్నాయి, ఎవరు వెళ్ళినా వినొచ్చు. లైబ్రరీ మేడమ్ అడిగిందని, ఆదివారాలు వెళ్ళి వేరేవాళ్ళ పాటలు కూడా కలిపిపెడుతున్నాను. కొత్తవాళ్ళతో మాట్లాడాల్సి వచ్చినప్పుడు, బాగా వచ్చేదాకా లేవకు అన్న మాట గుర్తు తెచ్చుకుంటాను. నా చేతికి ఆ పని ఇచ్చినప్పుడు నాకు ఏమీ రాదని దారాలక్కకు తెలుసు. తెలిసే ఇచ్చింది. ఆ రుణం మాటల్లో తీర్చేది కాదు, అందుకే పని చేస్తున్నాను.

సంతకం మాత్రం ఆ చివరి సాయంత్రం పెట్టాడు. స్వరకర్త అన్న గడి చిన్నది, ఇంటిపేరుతో కలిపి రాసేసరికి ఆయన పేరు అంచు దాటి మార్జిన్లోకి పోయింది. పెద్దమ్మను అప్పటికే ఇంట్లో దించేశాం, వదిన వెళ్ళిపోయింది. దారాలక్క ఫారాన్ని మడిచి నాకిచ్చి లేవబోతుంటే, ఆయన ఆగమన్నాడు. చెయ్యి చాపాడు.

ఆమె కుడిచెయ్యి ఇవ్వబోయింది. అది కాదన్నాడు.

ఎడమచెయ్యి ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, దీపం వైపు తిప్పి, రెండు వేళ్ళనూ చాలాసేపు చూశాడు. అప్పుడు ఆయన అడిగింది పనివాడు పనివాడిని అడిగే ప్రశ్న.

"వీటితో సూదికి దారం ఎలా ఎక్కిస్తున్నావే?"

దారాలక్క మెడలోంచి ఒక పోగు లాగింది. రవికకు గుచ్చుకున్న సూది తీసి, బొటనవేలికీ ఉంగరపు వేలికీ మధ్య పట్టుకుని, దారం కొసను పెదాలతో తడిపి, ఒక్కసారికే ఎక్కించింది. ఆయన మళ్ళీ చూపించమన్నాడు. ఆమె దారం లాగేసి, ఈసారి నెమ్మదిగా, ఆయనకు అర్థమయ్యేలా, మళ్ళీ మొదటి నుంచి చూపించింది.